రివర్స్ లేని బండిలో కనిగిరికి

కాకినాడ తిరిగొచ్చి వారమైంది. మా వీధిలో అందరిదీ ఒకటే ప్రశ్న. "పుట్టింటికెళ్ళి ఏం చూసొచ్చారండీ?" అరకు వెళ్ళొస్తే ఫోటోలు చూపించొచ్చు. తిరుపతి వెళ్ళొస్తే లడ్డూ పెట్టొచ్చు. సత్తెనపల్లి నుంచి కనిగిరి వెళ్ళొచ్చినదాన్ని ఏం చూపించను? ఎర్రటి మిరపకాయలు చూశాను, సముద్రం చూశాను, మా తమ్ముడి బండిని ముందు నుంచీ వెనక నుంచీ తోస్తూ చూశాను. ఆ వైపే పుట్టి పెరిగినా అంతగా నవ్విన ప్రయాణం ఇంకోటి చేయలేదు. అందుకే రాస్తున్నాను.

తమ్ముడి పేరు శ్రీను. సత్తెనపల్లి పక్క పల్లెలో మిర్చి, పత్తి వేస్తాడు. ముప్పై తొమ్మిదేళ్ళొచ్చాయి, పెళ్ళి కాలేదు. మనిషికి ఏ వంకా లేదు. తాగడు, మాట పడడు, ఒకరిని అనడు. కానీ "వ్యవసాయం" అన్న మాట వినగానే ఆడపిల్లవాళ్ళు ఫోను పెట్టేస్తున్నారు. వీడి దిగులుతో అమ్మ సగమైపోయింది. ఆఖరికి కనిగిరి నుంచి ఒక సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు సునీత, ముప్పై నాలుగేళ్ళు. "ఒకసారి మనిషిని చూశాక చెబుతాను" అందట. చూస్తానన్నదే మాకు పెద్ద పండగ. "ఇది కూడా తప్పితే ఇంక నా పెళ్ళి మాటెత్తొద్దు" అని శ్రీను అమ్మతో తేల్చి చెప్పేశాడు. వాడు అన్నాడంటే అన్నట్టే. అమ్మ కంగారుగా నన్ను కాకినాడ నుంచి పిలిపించింది.

మధ్యవర్తి వాళ్ళకు చెప్పిన గొప్పల్లో నిజమైంది ఒక్కటే. "అబ్బాయికి పెద్ద కారుంది." కారులో దిగకపోతే కారే లేదనుకుంటారని అమ్మ భయం. కాబట్టి ఆ కారులోనే వెళ్ళాలి.

సత్తెనపల్లి

ఏడుగురు కూర్చునే బండి అది. వాడి చేతికి వచ్చేసరికే రెండు చేతులు మారింది. కొన్న ఏడాది ఇంజెక్టర్లు, తర్వాతి ఏడాది రేడియేటరు, పోయినేడు క్లచ్ ప్లేట్లు. మిర్చికి రేటొచ్చిన ప్రతి ఏడాదీ ఆ బండికి ఏదో ఒక జబ్బు చేస్తుంది. "దీనికి పెట్టిన డబ్బుతో కొత్తదే వచ్చేదిరా" అని నేను నెత్తీ నోరూ కొట్టుకుంటే, "ఇప్పుడు అన్నీ కొత్తవే వేశాను కదక్కా, అంటే కొత్త బండే" అంటాడు. వాడితో వాదించడం నా వల్ల కాదు.

ప్రయాణం శనివారం ఉదయం. మంచి సమయం మాత్రం శుక్రవారం సాయంత్రం పడింది. ఇలాంటప్పుడు మా వైపు పరస్థానం పెడతారు. మంచి ఘడియలో మన వస్తువేదైనా దారిలో ఉన్న వేరేవాళ్ళింట్లో పెట్టేస్తే, అప్పుడే బయల్దేరినట్టు లెక్క. ఇక దాన్ని వెనక్కి తేకూడదు. మామూలుగా అందరూ ఒక సంచీయో, కండువాయో పెడతారు. మా అమ్మ ఏకంగా కారునే పెట్టించింది. శుక్రవారం సాయంత్రం శ్రీను దానికి పసుపు కుంకుమ పెట్టి, తీసుకెళ్ళి సత్తెనపల్లిలో మస్తాన్ షెడ్డు ముందు నిలిపొచ్చాడు.

మస్తాన్ మెకానిక్కు. శ్రీనుతో కలిసి చదివాడు, ఆ బండి మీదే సగం ఇల్లు కట్టాడని ఊళ్ళో ఎగతాళి చేస్తారు. మర్నాడు ఆటోలో మేం వెళ్ళేసరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, అత్తరు రాసుకుని, స్పానర్ల డబ్బాతో సిద్ధంగా ఉన్నాడు. మంచి పనికి ముగ్గురు వెళ్ళకూడదుగా, అందుకని నాలుగో మనిషిగా వాణ్ణి రమ్మన్నారు. పెళ్ళిచూపులకు మెకానిక్కుని వెంటబెట్టుకెళ్ళిన వాళ్ళం మేమే అయ్యుంటాం.

"పరస్థానం పెట్టిన బండి, ఒరే శ్రీనూ, ఎట్టి పరిస్థితుల్లోనూ వెనక్కి తిప్పకూడదు" అంది అమ్మ వెనక సీట్లో సర్దుకుంటూ.

"తిప్పమన్నా తిరగదు పెద్దమ్మా" అన్నాడు మస్తాన్. "రివర్స్ గేరు పోయి ఆర్నెల్లయింది."

నేను శ్రీను వైపు తిరిగాను. "ఏరా, నిజమేనా?"

"గేర్‌బాక్సు దించాలంటక్కా. ముప్పై అయిదు వేలు చెప్తున్నాడు వీడు. మిర్చి అమ్మాక చూద్దాంలే అని. అయినా ముందుకెళ్ళే గేర్లు అయిదూ బంగారంలా ఉన్నాయి" అన్నాడు శ్రీను.

వినుకొండ మీదుగా వెళ్తే కనిగిరి దగ్గర. కానీ ఆ దారిలో బండి ఆగితే చూసే దిక్కుండదని, గుంటూరు, చీరాల, ఒంగోలు మీదుగా పెద్ద రోడ్లు పట్టుకు పోదామని మస్తాన్ పట్టుబట్టాడు. దారి పొడుగునా వాడికి తెలిసిన షెడ్లున్నాయట. జనం గుళ్ళను బట్టి దారి చూసుకుంటారు, మేం షెడ్లను బట్టి చూసుకున్నాం. ఆ లెక్కన శనివారం రాత్రి చీరాలలో బస. అలాగైతే వాడరేవులో సముద్రం కూడా చూద్దామన్నాను. అమ్మ సముద్రం చూసి చాలా ఏళ్ళయింది.

పేరేచర్ల దాటాక

ఫిబ్రవరి చివర్లో గుంటూరు వైపు వెళ్ళనివాళ్ళకు చెబుతున్నాను, ఒక్కసారైనా వెళ్ళండి. చేలల్లో కల్లాల నిండా ఎండబోసిన మిరపకాయలు. రోడ్డుకి ఇటూ అటూ ఎరుపే. కాకినాడలో ఉప్పుగాలి పీల్చుకుని బతికే నాకు ఆ ఘాటు ముక్కుకి తగలగానే ప్రాణం లేచొచ్చింది. "ఆపరా, ఒక ఫోటో తీసుకుంటా" అన్నాను. అదే నేను చేసిన తప్పు.

శ్రీను బండిని డొంకలోకి దించాడు. అటుపక్క చేను, ఇటుపక్క కాలవ, ఎదురుగా ఎండుపత్తి కట్టె మోపులు. ఫోటో తీశాను. తర్వాత నలుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

కల్లంలో పాలిపోయిన తాలుకాయలు ఏరుతున్న ఆడకూలీలు మొత్తం తమాషా చూస్తున్నారు. వాళ్ళలో పెద్దామె నడుం మీద చెయ్యేసి అరిచింది. "ఏందయ్యా, ఎనక్కి పోదా అది?"

"పోదమ్మా" అన్నాడు శ్రీను.

"అట్టాంటి బండేసుకుని ఏడికి బయల్దేరినారు?"

అమ్మ నోరు మూయించేలోపే మస్తాన్ చెప్పేశాడు. "పెళ్ళిచూపులకి!"

అంతే. "ఒసేయ్, పెళ్ళికొడుకంట, రండే!" అంటూ పదిమందీ కొంగులు బిగించుకుని వచ్చేశారు. శ్రీను స్టీరింగు పట్టుకుంటే వాళ్ళు బానెట్టు మీద చేతులేసి హైలెస్సా అని తోశారు. ఒకావిడ తోస్తూనే అద్దంలోంచి వాణ్ణి పరిశీలించి, "బాగానే ఉన్నాడు, పిల్ల ఒప్పుకుంటదిలే" అని తీర్పిచ్చింది. ఒప్పుకుంటే మాకేం పెడతావని ఇంకొకావిడ అడిగింది. మిరపకాయ బజ్జీలన్నాడు వీడు. "చాల్లే నాయనా, పొద్దస్తమానం మిరపకాయలేగా, మైసూరుపాకు పెట్టు" అంది. బండి రోడ్డెక్కేసరికి వాళ్ళ అరచేతుల ఎరుపంతా బానెట్టు మీద అచ్చులుగా పడింది. తుడవబోతే అమ్మ వద్దంది. ముత్తయిదువుల చేతులట, శుభమట.

గుంటూరులో టిఫిను చేశాం. మా గోదావరి వైపు పెసరట్టులో ఉప్మా పెట్టి, అల్లం పచ్చడిలో కాస్త బెల్లం తగిలిస్తారు. ఇక్కడ ఇడ్లీ మీద కారప్పొడి గుట్టలా పోసి, నెయ్యి వేసి, ఎర్రచట్నీ ఇచ్చి, "కారం చాలా అమ్మా?" అని అడుగుతారు. ప్లేటు నలభై రూపాయలు. కన్నీళ్ళు ఊరికే.

బాపట్ల రోడ్డు

ఎండ ముదిరింది. "ఏసీ వెయ్యరా" అంది అమ్మ. వద్దు వద్దని మస్తాన్ అనేలోపు నేనే బటను నొక్కాను. ముందు కాసేపు ఏమీ రాలేదు. తర్వాత వచ్చింది చూడండి ఒక గాలి! నలుగురం ఒకేసారి తుమ్మాం. కళ్ళు మంట, ముక్కులు ధారలు. శ్రీను బండి పక్కకు తీసి ఆపాడు, నలుగురం నాలుగు తలుపులు తీసుకుని రోడ్డు మీద పడ్డాం.

సంగతేమిటంటే, సీజనంతా ఈ మహానుభావుడు వెనక సీట్లు మడిచి, ఎండు మిరపకాయల టిక్కీ బస్తాలు అందులోనే కోల్డ్ స్టోరేజీకి తోలాడు. ట్రాక్టరు బాడుగ మిగులుతుందని. ఆ దుమ్మంతా ఏసీ గొట్టాల్లో చేరింది. శుభ్రం చేయించడానికి డాష్‌బోర్డు విప్పాలి, అదొక ఖర్చు. మిర్చి రైతు తప్ప ఇంకెవరూ చెయ్యలేని ఘనకార్యం అది.

పైగా నేను నొక్కిన బటను అలాగే ఇరుక్కుపోయింది. మస్తాన్ గిల్లినా, గుద్దినా పైకి రాలేదు. అప్పట్నుంచీ ఇంజను స్టార్ట్ చేసిన ప్రతిసారీ ముందు ఒక మిర్చి గాలి కొట్టడం, నలుగురం అద్దాలు దించి తలలు బయట పెట్టడం, తుఫాను తగ్గాక లోపలికి రావడం. సాయంత్రానికి అది మాకు అలవాటైపోయింది. టీ బంకు దగ్గర మమ్మల్ని చూసిన ఒకాయన, "ఏదన్నా మొక్కా అండీ?" అని భక్తిగా అడిగాడు.

వాడరేవు

వాడరేవులో శ్రీను బండిని రోడ్డువైపే మొహం పెట్టి ఆపాడు. బుద్ధొచ్చింది. వారాంతం జనం, వేయించిన రొయ్యల వాసన. శనివారం కదా, మా ముగ్గురికీ నీచు నిషిద్ధం. మస్తాన్ మాత్రం నూటయాభై పెట్టి చేపముక్కల ప్లేటు కొనుక్కుని సరిగ్గా శ్రీను ఎదురుగా కూర్చున్నాడు. "పాపం వెంకటేశ్వరస్వామి చూస్తున్నాడ్రా, నువ్వు అటు తిరుగు" అంటూ ఒక్కో ముల్లూ తీసి తిన్నాడు. వాడి పళ్ళు రాలగొడతానన్నాడు శ్రీను.

అమ్మ నీళ్ళల్లో కాళ్ళు తడుపుకుని వచ్చి, ఇసకలో చేపలు ఎండబెడుతున్న ఒకామె పక్కన చేరింది. నేను వెళ్ళేసరికి ఇద్దరూ చిన్నప్పటి స్నేహితుల్లా మాట్లాడుకుంటున్నారు. ఎన్నాళ్ళు ఎండాలి, రోజుకెన్నిసార్లు తిరగెయ్యాలి, మబ్బు పడితే ఏం కప్పుతారు. చేపలకూ మిరపకాయలకూ ఒకటే బాధ.

"మా అబ్బాయికి రేపు పెళ్ళిచూపులు. ఎండబెట్టుకుని బతికేవాళ్ళకి పిల్లనివ్వట్లేదమ్మా ఎవరూ" అంది అమ్మ.

"మాకు మాత్రం ఇస్తున్నారేంటి? నచ్చినోళ్ళు వస్తారు. రానోళ్ళని తెచ్చుకుని ఏం చేసుకుంటాంలే వదినా" అంటూ ఆమె చేపలు తిరగేసింది. అమ్మ చాలాసేపు ఆ మాటే తలుచుకుంది.

పొదిలి

ఆదివారం ఉదయం చీరాల లాడ్జి నుంచి బయల్దేరి ఒంగోలు దాటాం. నల్లరేగడి అయిపోయింది. పొగాకు చేలు, తర్వాత కంది, ఆ తర్వాత రాళ్ళూ తుప్పలూ. ఊరూరా నీళ్ళ ట్యాంకర్లు. ఇంట్లోకి గోదావరి నీళ్ళొస్తుంటే విసుక్కునే నేను, ఇక్కడ బిందెలు పెట్టుకుని నిలబడ్డవాళ్ళను చూసి సిగ్గుపడ్డాను.

పొదిలిలో టీకి దిగాం. అమ్మ అందరికీ జాగ్రత్తలు చెప్పింది. "బండి సంగతి ఎవ్వరూ ఎత్తొద్దు. రివర్సు మాట అసలే వద్దు. బండికే దిక్కులేదు, వీడేం సంసారం చేస్తాడంటారు. ఒరే మస్తానూ, ముఖ్యంగా నీకే చెప్పేది. ఊరి మొదట్లోనే ఎక్కడన్నా తిన్నగా నిలపండి. మనం నడిచెళ్దాం." ఇంకో మాట కూడా చెప్పాలి. కుదరని ఇంట్లో అన్నం తినకూడదని మా వైపు పట్టింపు. స్వీటు, కారం, కాఫీ వరకే. ఆడపిల్లవాళ్ళు పిలిచినా, సంబంధం ఖాయమైతేనే కంచం ముందు కూర్చుంటారు.

శ్రీను మాత్రం టీ తాగలేదు. గ్లాసు పట్టుకుని నిలబడ్డాడంతే. "నచ్చకపోతే నచ్చలేదని మొహం మీదే చెబితే బాగుండక్కా. తర్వాత ఫోన్ చేస్తామంటారు, చెయ్యరు. అదే కష్టం" అన్నాడు. నేను వాడి చొక్కా కాలరు సరిచేశాను.

కనిగిరి

కొండ మీద పాతకోట కనబడుతుండగానే ఫోను మోగింది. సునీత వాళ్ళ నాన్నగారు వీధి మొదట్లోకి ఎదురొచ్చేశారు. తెల్లటి పంచె, మొహం నిండా నవ్వు. బండి ఆపుదామనుకునేలోపే ముందు నడుస్తూ, రెండు చేతులతో "రండి రండి, ఇంటి దాకా రానివ్వండి" అని పిలుస్తున్నారు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళను వీధిలో నడిపిస్తే మర్యాద తక్కువని ఆయన బాధ.

"వద్దురా, సందు" అన్నాడు మస్తాన్ పళ్ళ బిగువున.

"అంత ప్రేమగా పిలుస్తుంటే ఇక్కడే దిగితే ఏమనుకుంటారు?" అంది అమ్మ. పొద్దుట ఎన్ని జాగ్రత్తలు చెప్పిందో అన్నీ గాలికి పోయాయి.

వెళ్ళాం. సందులో ఒక మలుపు, పక్కన మురుక్కాలవ, చివర్లో వాళ్ళ ఇల్లు, ఇంటిని ఆనుకుని అడ్డంగా గోడ. అక్కడితో దారి అయిపోయింది. శ్రీను ఇంజను ఆపి, స్టీరింగు మీద చేతులు అలాగే పెట్టుకుని కూర్చుండిపోయాడు.

వాళ్ళకు నీళ్ళ ప్లాంటుంది. కనిగిరిలో బోరు నీళ్ళు తాగడానికి పనికిరావు. ఫ్లోరైడు. ఊరంతా క్యాన్లే కొనుక్కుంటారు. ఇంటిముందు అరుగు మీద నీలం క్యాన్లు పేర్చి ఉన్నాయి. సునీత వాళ్ళమ్మ మినపసున్నుండలు, కారప్పూస పెట్టింది. అమ్మ ఆవిడతో "బాగున్నాయండీ" అంటూ పొడిపొడిగా, మర్యాదగా మాట్లాడింది. సునీత వచ్చి కూర్చుంది. చామనఛాయ, నిదానమైన చూపు. మా వాడు గచ్చు మీద గళ్ళు లెక్కపెడుతున్నాడు. తలెత్తితే ఒట్టు.

కాసేపటికి వాళ్ళిద్దరినీ మాట్లాడుకోమని అరుగు మీదికి పంపారు. తోడుగా నేను గుమ్మంలో నిలబడ్డాను. వినకూడదు, కానీ విన్నాను.

"ఏమైనా అడగాలా?" అంది సునీత.

"అడగడానికేం లేదండి. ఒకటి చెప్పాలి" అన్నాడు శ్రీను. "మా బండికి రివర్స్ గేరు లేదు."

నేను గోడకి తల కొట్టుకోవడం ఒక్కటే తక్కువ.

"లేదా? ఉండి పడట్లేదా?"

"పడట్లేదండి. ఆర్నెల్లయింది. ముప్పై అయిదు వేలవుతుందన్నారు. పోయినేడే క్లచ్ వేయించాను, మిర్చికి తెగులొచ్చింది, ఇంక చేతిలో లేక ఆగాను."

"మరి వెనక్కెలా వెళ్తారు?"

"వచ్చినప్పట్నుంచీ అదే ఆలోచిస్తున్నానండి. మీరేం అడిగినా నాకు తోచేట్టు లేదు."

సునీత నవ్వింది. పెదాలతో నవ్వే పెళ్ళిచూపుల నవ్వు కాదు. పొట్ట పట్టుకుని నవ్వింది. లోపల అమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టేసింది, ఇంక ఆశ లేదన్నట్టు.

"తాళాలివ్వండి" అంది సునీత. "క్యాన్ల ఆటో రోజూ ఈ సందులోంచి వెనక్కే తీస్తాను. ఈ మలుపు నాకు తెలుసు. మీరు తొయ్యండి."

వాళ్ళ నాన్నగారు "అమ్మా, నువ్వెందుకే, పట్టుచీరలో" అంటూనే ఉన్నారు. కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని ఎక్కేసింది. శ్రీను, మస్తాన్, ఆయనా, పక్కింటివాళ్ళు ఇద్దరూ, నేనూ బానెట్టు మీద చేతులేశాం. సరిగ్గా ఆ ఎర్రచేతుల అచ్చుల మీదే. "న్యూట్రల్లో పెట్టి ఇంజను ఆన్ చెయ్యమ్మా, లేకపోతే స్టీరింగు తిరగదు" అని మస్తాన్ అరిచాడు.

ఆన్ చేసింది. మాకెవ్వరికీ ఏసీ గుర్తులేదు.

అద్దం వెనక సునీత మొహం ఒక్కసారిగా ఎర్రబడింది. కళ్ళ నిండా నీళ్ళు, బుగ్గల మీదికి కారిపోతున్నాయి. అద్దంలోంచి ఆమెను చూసిన శ్రీను చేతులు తీసేశాడు. "అయ్యో, ఏడుస్తున్నారు" అన్నాడు.

అంతలో ఆమె గబగబా అద్దం దించి, ఎవరూ చెప్పకుండానే, అచ్చం మా ఇంటి మనిషిలాగే తల బయట పెట్టి, గట్టిగా మూడు తుమ్ములు తుమ్మింది. "మిర్చి ఏ రకమండీ? ఇంత ఘాటు!" అని అడిగింది, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "తేజా" అన్నాడు శ్రీను. "అబ్బా! చూస్తారేం, తొయ్యండి!" అంది. వాడు మళ్ళీ చేతులేసి తోశాడు. బండి వెనక్కి కదిలింది. సందు పొడుగునా ఆమె ఒక కన్ను పక్క అద్దంలో పెట్టి, ఇంకో చూపు ఎదురుగా వాడి మీద పెట్టి నడిపింది. గచ్చు మీద నుంచి చూపు ఎత్తని మా వాడు, మలుపు తిరిగేవరకూ ఆ మొహం మీంచి చూపు తిప్పలేదు. ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళే, ఇద్దరూ నవ్వుతున్నారు. నా జన్మలో అంత నిజమైన పెళ్ళిచూపులు చూడలేదు.

బండి వీధిలోకి వచ్చాక సునీత దిగి, తాళాలు శ్రీను చేతిలో పెట్టింది. వాడు "మీరు చూసి చెబుతానన్నారు కదా... ఫోన్ చేస్తారా?" అన్నాడు నసుగుతూ.

"ఫోనెందుకు? ఆషాఢం రాకముందే గేర్‌బాక్సు బాగుచేయించండి" అంది. "పెళ్ళివాళ్ళంతా బళ్ళేసుకుని వస్తే, అన్నిటినీ తొయ్యడానికి మా సందులో మనుషులు చాలరు."

మస్తాన్ ఈల వేశాడు. వాళ్ళ నాన్నగారు పంచెతో మొహం తుడుచుకున్నారు. శ్రీను తాళాలు ఒకసారి ఈ జేబులో, ఒకసారి ఆ జేబులో వేసుకున్నాడు.

అమ్మ మాత్రం తిన్నగా సందులోకి నడిచి, మెట్ల కింద చెప్పులు విడిచి, పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంది. వంటింటి గుమ్మంలోకి తొంగి చూసి అడిగింది.

"వదినగారూ, అన్నంలోకి ఏం వండారు?"